అనుభవజ్ఞులైన న్యాయవాదులు జూనియర్లకు క్రాస్ ఎగ్జామినేషన్ ఎలా నేర్పితే పట్టుబడుతుంది?

ప్రశ్న: ట్రయల్ కోర్టు న్యాయవాది

మిత్రులకు నమస్కారం. ప్రాక్టీసు మొదలుపెట్టి ఎక్కువ కాలం కాని జూనియర్లకు సాక్షుల విచారణ మీద, ముఖ్యంగా క్రాస్ ఎగ్జామినేషన్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) మీద శిక్షణ ఇచ్చే బాధ్యతను మా న్యాయవాదుల సంఘం నాకూ మరికొందరు సీనియర్లకూ అప్పగించింది. మేమందరం ఏళ్ల తరబడి సాక్షులను విచారిస్తున్నవాళ్లమే. అయితే తనకు చేతనైన పనిని ఇంకొకరి చేత చేయించడం వేరే విద్య అని పాఠ్యక్రమం రాయడానికి కూర్చున్నప్పుడు తెలిసివచ్చింది.

సాధారణంగా ఇలాంటి తరగతులు ఎలా జరుగుతాయో మీకు తెలుసు. పేరున్న సీనియర్ ఒకరు వేదిక మీద కూర్చుని, తాము నడిపిన పెద్ద కేసులో ప్రధాన సాక్షిని ఏ ప్రశ్నతో ఇరుకున పెట్టారో వివరిస్తారు. వినేవారు ముగ్ధులవుతారు, నోట్సు రాసుకుంటారు. ఆ తరువాత అదే జూనియర్ కోర్టులో లేచి, చీఫ్‌లో (తనను పిలిచిన పక్షం న్యాయవాది అడిగినప్పుడు) సాక్షి చెప్పిన ప్రతి వాక్యాన్నీ వరుసగా ఎత్తి, "ఇది అబద్ధమంటాను, ఏమంటారు?" అని అడుగుతాడు. సాక్షి ప్రతిసారీ "కాదండి, నిజమే" అంటాడు. అంతటితో క్రాస్ ముగుస్తుంది, సాక్షి చీఫ్‌లో చెప్పినది మరింత గట్టిపడి రికార్డుకెక్కుతుంది. తప్పు ఆ జూనియర్‌ది అనడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే ఎలా అడగాలో అతనికి చెప్పినవాళ్లు ఉన్నారు గాని అడిగించి చూసినవాళ్లు లేరు.

అందుకని శిక్షణ ఇచ్చిన అనుభవం ఉన్నవారినీ, తీసుకున్నవారినీ అడుగుతున్నాను. ఉపన్యాసానికి ఎంత సమయం ఇవ్వాలి, అభ్యాసానికి ఎంత ఇవ్వాలి? ఒకరు ప్రశ్నలు అడగడం పూర్తిచేశాక వారిని ఎలా దిద్దాలి? సీనియర్లలో ఒక్కొక్కరిది ఒక్కొక్క శైలి గనుక, ఒకరు సరే అన్నదాన్ని మరొకరు కాదనే పరిస్థితి రాకుండా ఏం చేయాలి? అన్నిటికంటె ముఖ్యంగా, తోటివారి ముందు తప్పులు ఎత్తి చూపినప్పుడు జూనియర్ల ధైర్యం సన్నగిల్లకుండా చూడడం ఎలా?

సమాధానం: శిక్షకులుగా పనిచేస్తున్న న్యాయవాది

నమస్కారమండి. మీ చివరి ప్రశ్నకూ రెండవ ప్రశ్నకూ సమాధానం ఒకటేనని నా నమ్మకం గనుక అక్కడినుంచే మొదలుపెడతాను. దిద్దే పద్ధతి సరిగా ఉంటే ధైర్యం సన్నగిల్లదు. తప్పు ఎత్తి చూపడం వల్ల మనిషి కుంగడు; తప్పు ఏమిటో స్పష్టంగా చెప్పకుండా, దాన్ని సరిచేసుకునే అవకాశం వెంటనే ఇవ్వకుండా పంపేయడం వల్ల కుంగుతాడు.

ఈ విషయంలో మనం కొత్తగా కనిపెట్టవలసినది తక్కువ. అమెరికాలో 1971లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ట్రయల్ అడ్వకసీ, చేస్తూ నేర్చుకోవడమన్న సూత్రం మీద తన శిక్షణను నిర్మించింది. అందరికీ ఒకే కల్పిత కేసు ఫైలు ఇస్తారు, ప్రతి ఒక్కరి చేతా సాక్షిని విచారింపజేస్తారు, అక్కడికక్కడే దిద్దుతారు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జార్జ్ హాంపెల్ ఆ దిద్దుబాటుకే ఒక క్రమాన్ని ఏర్పరచారు. ఇంగ్లండులో బారిస్టర్లకు (కోర్టులో వాదించే న్యాయవాదులకు) శిక్షణనిచ్చే ఇన్స్ ఆఫ్ కోర్ట్ కూడా ఆ పద్ధతిని స్వీకరించాయి. అందులో ఆరు మెట్లున్నాయి. ఏ ఒక్క విషయాన్ని దిద్దబోతున్నారో శిక్షకుడు ముందుగా ఒక వాక్యంలో ప్రకటిస్తాడు. తరువాత, అభ్యాసి పలికిన మాటలను ఉన్నవి ఉన్నట్టుగా చదివి వినిపిస్తాడు. అది ఎందుకు లోపమో చెబుతాడు, ఎలా సరిచేసుకోవాలో చెబుతాడు, ఆ భాగాన్ని తానే చేసి చూపిస్తాడు, చివరికి అభ్యాసి చేత మళ్లీ చేయిస్తాడు.

చదవడానికి తేలికగానే కనిపిస్తుంది గాని, అనుభవం ఎక్కువ ఉన్నవారికే ఇది కష్టమవుతుంది. మనలో చాలామంది రెండవ మెట్టును ఎగరగొట్టేస్తాము. "మీ ప్రశ్నలు కాస్త పొడవుగా ఉన్నాయి" అంటాము. జూనియర్ తల ఊపుతాడు గాని మనసులో నమ్మడు, ఎందుకంటే అడుగుతున్నప్పుడు తన ప్రశ్న తనకు పొడవుగా అనిపించలేదు. అతని ప్రశ్నను అక్షరం పొల్లుపోకుండా అతనికే వినిపిస్తే వాదించవలసిన అవసరం ఉండదు. అందుకోసం శిక్షకుడు కలం పట్టుకుని మాట మాటా రాసుకుంటూ కూర్చోవాలి. అది అలసట కలిగించే పని, అయినా తప్పదు.

ఒక ఉదాహరణ ఇస్తాను. కల్పిత కేసులో దొంగతనం జరిగిన గోదాము గేటు దగ్గర ముద్దాయిని చూశానని ఒక సాక్షి చీఫ్‌లో చెప్పాడు. జూనియర్ అడిగిన ప్రశ్న ఇది: "అప్పటికి చీకటి పడింది, మీరు రోడ్డుకు అవతలి వైపు ఉన్నారు, మధ్యలో లారీ కూడా ఉంది, అలాంటప్పుడు అతను ముద్దాయేనని మీరు ఎలా చెప్పగలుగుతున్నారు?" సాక్షి సమాధానం: "అతన్ని నేను చాలా కాలంగా ఎరుగుదునండి, నడక చూసినా గుర్తుపడతాను."

ఇక్కడ శిక్షకుడు ప్రకటించవలసిన విషయం ఒక్కటే: ఒక ప్రశ్నలో ఒక్క వాస్తవమే ఉండాలి. తరువాత పై ప్రశ్నను మార్చకుండా చదవాలి. కారణం చెప్పేటప్పుడు, ఆ ప్రశ్నలో మూడు వాస్తవాలూ ఒక వాదనా కలిసి ఉన్నాయనీ, సాక్షి వాస్తవాలను దాటేసి తనకు అనుకూలమైన వాదనకు మాత్రమే జవాబిచ్చాడనీ, అందువల్ల చీకటి గురించి గాని లారీ గురించి గాని రికార్డులో ఒక్క ఒప్పుకోలు కూడా మిగలలేదనీ చూపించాలి. పరిష్కారంగా, ప్రతి వాస్తవాన్నీ విడి వాక్యంగా కాగితం మీద రాసుకుని, "ఎలా", "ఎందుకు" అన్న మాటలను కొట్టివేయమనాలి. ఇక శిక్షకుడే లేచి చేసి చూపాలి. "అప్పటికి సూర్యాస్తమయం అయింది." "అయిందండి." "గేటు మీద దీపం వెలగడం లేదు." "లేదండి." "మీరు రోడ్డుకు అవతలి వైపున ఉన్నారు." "అవునండి." "మీకూ గేటుకూ మధ్య లారీ ఆగి ఉంది." "ఉందండి." అక్కడితో ఆగిపోవాలి. "కాబట్టి మీరు అతన్ని చూడలేదు కదా" అన్న ప్రశ్నను అడగనే కూడదు. అది న్యాయమూర్తి ముందు వాదనలో చెప్పవలసిన మాట. అప్పుడు జూనియర్ లేచి అదే భాగాన్ని మళ్లీ చేస్తాడు. ఈ చివరి మెట్టులో అతని ముఖంలో వచ్చే మార్పును చూస్తే మీ చివరి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

ఒక్క విషయమే ఎందుకని సీనియర్లు అడుగుతారు. అభ్యాసి చేసిన తప్పులు తొమ్మిది ఉన్నా, ఒకేసారి తొమ్మిదీ చెబితే ఒక్కటీ దిద్దుకోలేడు. అందువల్ల ఏది దిద్దితే ఎక్కువ మేలు జరుగుతుందో ఎంచుకోవడమే శిక్షకుడి నేర్పు. గొంతు తగ్గడం, చేతులు కదలడం వంటివి వెంటనే కంటబడతాయి గాని సాధారణంగా అసలు లోపం వాటి వెనక ఉంటుంది. ఈ సాక్షి నుంచి తనకు ఏం కావాలో తేల్చుకోకుండా లేచినవాడి గొంతు సహజంగానే తగ్గుతుంది. అందుకే నేను ఎవరినైనా సాక్షి ముందుకు పంపే ముందు, "వాదనలో ఈ సాక్షి గురించి మీరు చెప్పదలచుకున్న రెండు మూడు వాక్యాలు ఏమిటి?" అని అడుగుతాను. ఆ వాక్యాలు చెప్పలేకపోతే క్రాస్ మొదలుపెట్టనివ్వను. వాదన ముందు రాసుకుని, దానికి కావలసిన వాస్తవాలను ఏరుకుని, వాటిలో ఈ సాక్షి కాదనలేనివి ఏవో చూసుకున్న తరువాతే ప్రశ్నలు పుట్టాలి.

సమయం విషయానికి వస్తే, ఉపన్యాసం రోజు ప్రారంభంలో కొద్దిసేపు చాలు. ఒక గదిలో ఆరుగురు, మహా అయితే ఎనిమిదిమంది అభ్యాసులు, ఇద్దరు శిక్షకులు ఉండాలి. ఒకరు గదిలో దిద్దుతుంటే, రెండవవారు అప్పుడే పూర్తిచేసిన అభ్యాసిని పక్క గదికి తీసుకువెళ్లి వీడియో రికార్డింగు చూపించాలి. ప్రతి జవాబు తరువాత "ఓకే" అనడం, సాక్షి మాట్లాడుతుండగా కాగితాలు తిరగేయడం వంటి అలవాట్లను అక్కడ ఏకాంతంగా చూపించవచ్చు.

సమాధానం: విశ్రాంత జిల్లా న్యాయమూర్తి

పై సమాధానంలోని పద్ధతిని నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. బెంచి మీద కూర్చున్నవారికి కనిపించే కొన్ని విషయాలను మాత్రం దీనికి జోడించదలచుకున్నాను. వీలైతే మీ శిక్షణకు విశ్రాంత న్యాయాధికారులను కూడా పిలవండి, ఎందుకంటే న్యాయవాది తాను అడిగిన ప్రశ్నను గుర్తుంచుకుంటాడు, న్యాయమూర్తి మాత్రం రికార్డులో మిగిలిన జవాబును చదువుకుని తీర్పు రాస్తాడు. ఈ రెంటికీ మధ్య ఎంత ఎడం ఉంటుందో జూనియర్లకు న్యాయమూర్తి నోటివెంట వినిపించడం మంచిది.

మొదటిది వినడం. రాసి తెచ్చుకున్న ప్రశ్నల జాబితా మీద చూపు నిలిపిన న్యాయవాది, సాక్షి అనుకోకుండా ఇచ్చిన గొప్ప ఒప్పుకోలును వినకుండా తరువాతి ప్రశ్నకు వెళ్లిపోవడం నేను బెంచి మీద నుంచి తరచుగా చూశాను. అందుకని అభ్యాసంలో ఒక విడత కాగితం లేకుండా చేయించండి. సాక్షి పాత్రధారికి మాత్రం, మధ్యలో ఒకచోట ఊహించని జవాబు ఒకటి ఇవ్వమని రహస్యంగా చెప్పండి.

రెండవది మునుపటి వాంగ్మూలంతో సాక్షిని ఖండించే విధానం. ఇందులో జరిగే పొరపాట్ల వల్ల మంచి కేసులు పాడవుతాయి గనుక దీనికి ప్రత్యేకంగా ఒక పూట కేటాయించండి. కోర్టులో ఇప్పుడు చెప్పినదాన్ని సాక్షి చేత ముందుగా స్పష్టంగా స్థిరపరచాలి. మునుపటి వాంగ్మూలం ఎప్పుడు, ఎవరి ముందు ఇచ్చాడో, జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడు ఇచ్చాడన్న సంగతిని తరువాత ఒప్పించాలి. ఆ పైన ఆ వాంగ్మూలంలోని వాక్యాన్ని అతని ముందుంచాలి. ఈ వరుస చాలా దేశాల్లో ఒకటే. మన దగ్గర 1872 నాటి సాక్ష్య చట్టంలోని 145వ సెక్షను, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 148వ సెక్షనుగా ఉంది. ఖండించడానికి వాడుకోదలచిన భాగాన్ని సాక్షి దృష్టికి తీసుకురావాలని అది చెబుతుంది. పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని ఎంతవరకు, ఏ విధంగా వాడుకోవచ్చో సుప్రీంకోర్టు 1959లో తహసీల్దార్ సింగ్ కేసులో వివరించింది. సాక్షి ఆ భాగాన్ని ఒప్పుకుంటే మళ్లీ రుజువు చేయనక్కరలేదనీ, కాదంటే దాన్ని దర్యాప్తు అధికారి ద్వారా రుజువు చేయవలసి ఉంటుందనీ 2015లో వి.కె. మిశ్రా కేసులో చెప్పింది. జూనియర్లు మొదటి సగం చేసి రెండవ సగం మరచిపోతారు. అందువల్ల మీ కల్పిత కేసులో దర్యాప్తు అధికారి పాత్ర కూడా తప్పకుండా ఉండాలి.

మూడవది, మీరు ప్రశ్నలో ప్రస్తావించిన "ఇది అబద్ధమంటాను" అనే సజెషన్ల (తన పక్షం కథనాన్ని సాక్షి ముందుంచి కాదనో అవుననో అనిపించే ప్రశ్నల) సంగతి. దీని మూలం మంచిదే. సాక్షి మాట నిజం కాదని తరువాత వాదించదలచుకుంటే, దానికి సమాధానం చెప్పుకునే అవకాశం సాక్షికి ముందే ఇవ్వాలని 1893లో బ్రౌన్ వర్సెస్ డన్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పిన న్యాయం అది. అయితే తన కేసును సాక్షి ముందుంచడం వేరు, చీఫ్ మొత్తాన్ని ఒక్కొక్క వాక్యంగా కాదనడం వేరు. పైగా ఆలోచించకుండా వేసిన సజెషన్ తన కక్షిదారుకే చుట్టుకోవచ్చు. డిఫెన్సు న్యాయవాది క్రాస్‌లో వేసిన సజెషన్‌ను, దానికి సాక్షి ఇచ్చిన జవాబును కోర్టు పరిగణనలోకి తీసుకోవచ్చునని బాలు సుదామ్ ఖల్దే కేసులో 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ముద్దాయి ఘటనా స్థలంలో లేనే లేడన్న వాదనతో కేసు నడుపుతూ, "మీరు ముందుగా కొట్టినందువల్లనే అతను కొట్టాడు" అని సజెషన్ వేస్తే, అతను అక్కడ ఉన్నాడని తన న్యాయవాదే చెప్పినట్టవుతుంది. ఈ ఒక్క ఉదాహరణను మీ తరగతిలో తీరిగ్గా చర్చించండి.

శైలి గురించి అడిగారు. ఒకరు మెల్లగా మాట్లాడి సాక్షిని ఒప్పిస్తారు, మరొకరు వేగంగా అడుగుతారు, రెండూ పనిచేస్తాయి. శిక్షకులు తమ శైలిని అభ్యాసి మీద రుద్దకూడదు. సాక్షితో గొడవపడకపోవడం, వివరణ ఇచ్చే అవకాశం ఇవ్వకపోవడం, కావలసినది దొరికాక ఇంకొక ప్రశ్న అడగకపోవడం వంటివి శైలికి సంబంధించినవి కావు గనుక వాటి మీద శిక్షకులందరూ ముందుగానే ఏకాభిప్రాయానికి రావాలి.

పిల్లలను, లైంగిక నేరాల బాధితులను విచారించే తీరు కోసం వేరుగా సమయం ఉంచండి. పిల్లలను లైంగిక నేరాల నుంచి రక్షించే పోక్సో చట్టం 33వ సెక్షను ప్రకారం న్యాయవాది ప్రశ్నలను ప్రత్యేక న్యాయస్థానానికి తెలియజేయాలి, ఆ న్యాయస్థానమే వాటిని బాలుడికో బాలికకో వేస్తుంది. పొట్టి వాక్యంలో, వ్యతిరేకార్థకం లేకుండా, ఒకే విషయం అడిగే ప్రశ్న రాయడం రానివారికి అక్కడ ఏ ప్రతిభా ఉపయోగపడదు.

సమాధానం: జూనియర్ న్యాయవాది

పెద్దలందరికీ నమస్కారం. ఇలాంటి శిక్షణ ఒకటి తీసుకున్నదాన్ని గనుక నేర్చుకునేవారి వైపు నుంచి రెండు మాటలు చెప్పదలచుకున్నాను.

నాకు అన్నిటికంటె ఉపయోగపడినది ప్రశ్నలు అడగడం కాదు, సాక్షి కుర్చీలో కూర్చోవడం. ఎదుటివారు "మీరు ఎందుకు వెనక్కి తిరిగి వచ్చారు?" అని అడిగినప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో, "మీరు వెనక్కి తిరిగి వచ్చారు, అవునా కాదా?" అన్నప్పుడు ఎంత ఇరుకుగా అనిపించిందో ఆ కుర్చీలో కూర్చుంటే గాని తెలియదు. అందుచేత సాక్షి పాత్రలకు బయటివారిని పిలవడంతో పాటు ప్రతి అభ్యాసినీ ఒక్కసారైనా ఆ స్థానంలో కూర్చోబెట్టమని కోరుతున్నాను.

రెండవది మహిళా జూనియర్ల విషయం. గొంతు పెంచమనీ, గంభీరంగా కనిపించమనీ మాకు తరచుగా చెబుతుంటారు. ఆ మాటకు ఎలా స్పందించాలో తెలియదు, ఎందుకంటే ఏం చేస్తే సరిపోతుందో అందులో లేదు. అదే శిక్షకురాలు నా ప్రశ్నను నాకే చదివి వినిపించి, "వాక్యం చివరికి వచ్చేసరికి అనుమతి అడుగుతున్నట్టు పలుకుతున్నారు, చివరి మాట మీద ఆగండి" అన్నప్పుడు చేయవలసిన పని చేతికందింది. సీనియర్లలో మహిళలను శిక్షకులుగా తప్పకుండా తీసుకోండి.

ఒక సందేహం కూడా ఉంది. సివిల్ కేసుల్లో 2002 నుంచి చీఫ్ ఎగ్జామినేషన్ అఫిడవిట్ రూపంలోనే దాఖలవుతోంది. ఇంగ్లండులో కూడా సాక్షి రాతపూర్వక ప్రకటననే చీఫ్‌గా తీసుకుంటారని చదివాను. మరి సాక్షి చేత కథ చెప్పించే విద్యను ఇప్పుడు నేర్పవలసిన అవసరం ఉందా?

సమాధానం: సివిల్ న్యాయవాది

పైన చెప్పిన పద్ధతుల పట్ల నాకు గౌరవం ఉంది గాని, వాటి మీద ఇంత భరోసా పెట్టుకోవడాన్ని అంగీకరించలేను. న్యాయవాద వృత్తి తరతరాలుగా గురువు వెంట నడిచి నేర్చుకున్నది. సీనియర్ ఆఫీసులో ఫైలు చదివి, కక్షిదారుతో సంభాషణ విని, కోర్టులో వెనక వరుసలో కూర్చుని, సాయంత్రం ఆ రోజు జరిగినదాన్ని చర్చించినవారికి అబ్బే వివేకం కల్పిత కేసుతో రాదు. కల్పిత సాక్షికి భయం లేదు, పోయేదేమీ లేదు. నిజమైన సాక్షి తన భూమి కోసమో తన కొడుకు కోసమో బోను ఎక్కుతాడు. కల్పిత న్యాయమూర్తి ఓపికగా వింటాడు. నిజమైన కోర్టులో ఆ రోజు జాబితాలో ఇంకా ఎన్నో కేసులుంటాయి. తరగతి గదిలో చక్కగా చేసినవారు కోర్టులో తడబడడం నేను చూశాను.

ఇంగ్లండులోనైనా తరగతులతో సరిపెట్టలేదు. బారిస్టరు కావలసినవారు సాధారణంగా ఏడాది పాటు అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో ప్యూపిలేజ్ అనే శిక్షణ చేస్తారు, అందులో మొదటి ఆరు నెలలు స్వంతంగా కేసులు నడపరు. మన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా ఎన్‌రోల్‌మెంటుకు (న్యాయవాదిగా నమోదుకు) ముందు ఏడాది శిక్షణను నియమంగా పెట్టింది గాని, అలాంటి నియమం చేసే అధికారం దానికి లేదని 1999లో వి. సుదీర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది (అధికారం లేదన్న ఆ అభిప్రాయం సరికాదని 2023లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది). ఆ లోటును పూడ్చవలసింది సీనియర్ల ఆఫీసులేనని నా అభిప్రాయం.

సమాధానం: శిక్షకులుగా పనిచేస్తున్న న్యాయవాది

సివిల్ న్యాయవాది గారి మాటలో చాలా నిజం ఉంది. ఏ కేసులో సాక్షిని అసలు క్రాస్ చేయకుండా వదిలేయాలో, ఏ సందర్భంలో రాజీకి మొగ్గు చూపాలో చెప్పే వివేకం ఆఫీసులోనే అబ్బుతుంది. అయితే ఆఫీసులో జరగనిది ఒకటుంది. సీనియర్ చేస్తుంటే జూనియర్ చూస్తాడు గాని, జూనియర్ చేస్తుంటే సీనియర్ కూర్చుని చూసే సందర్భాలు ఎంత అరుదో మనందరికీ తెలుసు. చూసినా, అడిగిన ప్రశ్నను వెనక్కి తీసుకుని మళ్లీ అడిగే అవకాశం నిజమైన కోర్టులో ఉండదు, ఆ తప్పు మూల్యం కక్షిదారు చెల్లిస్తాడు. వయొలిన్ విద్యార్థి ఒక గమకం పలికేదాకా ఒకే చోట ఇంట్లో సాధన చేసి తరువాత కచేరీకి వెళతాడు. మన వృత్తిలో మాత్రం సాధన కచేరీలోనే జరుగుతోంది. కల్పిత కేసు ఉన్నది ఆ సాధన కోసం, అంతకంటె పెద్ద బాధ్యతను నేనూ దాని మీద పెట్టను. కోర్టు ఒత్తిడి తరగతిలో ఉండదన్న మాటకు మాత్రం కొంత పరిష్కారం ఉంది. చివరి రోజున న్యాయమూర్తి పాత్రధారి చేత సమయం తగ్గింపజేయవచ్చు, మధ్యలో ప్రశ్నలు వేయించవచ్చు, ఎదుటి పక్షం చేత అభ్యంతరాలు లేవనెత్తించవచ్చు.

జూనియర్ న్యాయవాది గారి సందేహానికి: తప్పకుండా నేర్పాలి. క్రిమినల్ కేసుల్లో సాక్షి ఇప్పటికీ నోటితోనే చెబుతాడు. అక్కడ లీడింగ్ ప్రశ్నలు (జవాబును తామే సూచించే ప్రశ్నలు) వేయకుండా, "ఆ తరువాత ఏం జరిగింది?", "అప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు?" అంటూ సాక్షి చేత వరుసగా చెప్పించడం క్రాస్ కంటె కష్టమైన విద్య అని నా అనుభవం. సివిల్‌లో కూడా అఫిడవిట్ రాసేది న్యాయవాదే. సాక్షి మాట్లాడే తీరులో, అతనికి స్వయంగా తెలిసిన విషయాలే ఉండేట్టు అఫిడవిట్ రాయడం తెలిసినవారి సాక్షి క్రాస్‌లో నిలబడతాడు. ఆఫీసు భాషలో, ప్లెయింటును (దావా పత్రాన్ని) తిరగరాసినట్టు ఉన్న అఫిడవిట్ మీద సంతకం పెట్టిన సాక్షి, మొదటి ప్రశ్నకే "అందులో ఏం రాశారో నాకు తెలియదండి" అంటాడు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కేసు ఫైలును ఎవరైనా ప్రస్తుతం నడుస్తున్న కేసు నుంచి తీసుకుంటే, అభ్యాసం పేరుతో సాక్షికి తర్ఫీదు ఇచ్చినట్టయ్యే ప్రమాదం ఉంది. ఇంగ్లండులో 2005లో మొమొడు కేసులో అప్పీలు కోర్టు, సాక్షికి కోర్టు పద్ధతులను పరిచయం చేయడం తప్పు కాదనీ, అతని సాక్ష్యాన్ని సాధన చేయించడం మాత్రం కూడదనీ స్పష్టంగా చెప్పింది. అందుకని ఫైలు పూర్తిగా కల్పితమై ఉండాలి. అందులో రెండు పక్షాలకూ బలమైన అంశాలు సమానంగా ఉండాలి, సాక్షుల వాంగ్మూలాల మధ్య చిన్నవీ పెద్దవీ వైరుధ్యాలు ఉండాలి. పెద్ద వైరుధ్యాన్ని వదిలి చిన్నదాని వెంట పడేవారిని దిద్దే అవకాశం అప్పుడే దొరుకుతుంది.

ప్రశ్న అడిగిన న్యాయవాది

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఈ చర్చను మా సీనియర్లందరికీ చదివి వినిపించాను. కొన్ని నిర్ణయాలు తీసుకున్నాము.

జూనియర్ల శిక్షణకు ముందుగా శిక్షకులకే ఒక రోజు శిక్షణ పెడుతున్నాము. మాలో ఒకరు అభ్యాసిగా సాక్షిని విచారిస్తే, మరొకరు ఆరు మెట్ల ప్రకారం దిద్దుతారు, మూడవవారు ఆ దిద్దుబాటును దిద్దుతారు. ఈ ప్రతిపాదనకు మొదట కొంత మౌనం ఎదురైంది గాని, మాలో అందరికంటె పెద్దవారు తానే ముందు అభ్యాసిగా నిలబడతానన్నాక అందరూ ఒప్పుకున్నారు. ఉపన్యాసాలను ఉదయం కొద్దిసేపటికి కుదించాము. మునుపటి వాంగ్మూలంతో ఖండించడానికి ఒక పూర్తి పూట కేటాయించాము, దర్యాప్తు అధికారి పాత్రను చేర్చాము. ప్రతి అభ్యాసీ ఒకసారి సాక్షి స్థానంలో కూర్చుంటారు. ఇద్దరు మహిళా సీనియర్లు శిక్షకులుగా ఉండడానికి అంగీకరించారు.

సివిల్ న్యాయవాది గారి అభ్యంతరాన్ని దృష్టిలో పెట్టుకుని, శిక్షణ పూర్తయిన జూనియర్లు తరువాత కోర్టులో చేసే మొదటి క్రాస్‌కు వారి సీనియర్ గాని, మా శిక్షకులలో ఒకరు గాని వెళ్లి వెనక కూర్చుని మాట మాటా రాసుకుని, సాయంత్రం వారితో కలిసి చూడాలని ఏర్పాటు చేస్తున్నాము. దీనికి ఆ కేసులోని కక్షిదారు అనుమతి ఉండాలని, ఫైలు వివరాలు బయటకు పోకూడదని రాతపూర్వకంగా నియమం పెట్టాము.

ఇక మిగిలినది కేసు ఫైలు రాయడం. సివిల్‌లో ఒకటి, క్రిమినల్‌లో ఒకటి కావాలి. సివిల్‌కు విక్రయ ఒప్పందం అమలు కోసం వేసిన దావాను అనుకుంటున్నాము: అడ్వాన్సు చెల్లించిన రసీదు మీద తేదీ దిద్ది ఉంటుంది, ఇద్దరు సాక్షులలో ఒకరు రెండు పక్షాలకూ బంధువు. ఇందులో వైరుధ్యాలను ఏయే పత్రాల్లో ఉంచితే అభ్యాసానికి ఎక్కువ పనికివస్తుందో ఆలోచన ఉన్నవారు ఇక్కడే రాయండి. ముసాయిదా సిద్ధం కాగానే ఇదే చర్చలో ఉంచుతాను.